రెండుసార్లు చనిపోయిన మాణిక్యాంబ

"మీ అమ్మగారు ఎన్నిసార్లు చనిపోయారు?"

బల్లకి అవతల కూర్చున్న డాక్టరమ్మ హిందీలో అడిగింది. ఆ గొంతులో వెటకారం లేదు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని, ఎంతకీ పొసగని లెక్క ముందు కూర్చున్న మనిషిలా అడిగింది. నాగమల్లేశ్వరికి హిందీ రాదు. కానీ ఆ గదిలో ఉన్న ముగ్గురి మొహాలూ చూడగానే కొంప మునిగిందని తెలిసిపోయింది.

"ఏమంటోందే?" అని పక్కనున్న మేనకోడల్ని ఎడం చేత్తో గిల్లింది.

హారిక పెదాలు తడుపుకుంది. "నానమ్మ... టూ టైమ్స్ పోయిందట అత్తా. పేపర్స్‌లో అలా ఉందట."

నాగమల్లేశ్వరి రేపల్లె దగ్గర పల్లె నుంచి ఇంతదూరం వచ్చింది తమ్ముడికి కిడ్నీ ఇవ్వడానికి. భర్త పోయాక ఆమెకి మిగిలిన తోడబుట్టినవాడు సదాశివరావు ఒక్కడే. అతని భార్య గౌరికి షుగరు ఉంది, ఆవిడది పనికిరాదన్నారు. కూతురు హారికది గ్రూపు కలవలేదు. అక్కది కలిసింది. రక్తం కలిసింది, పరీక్షలన్నీ కలిశాయి. కాగితాలే కలవలేదు.

ఆ మధ్య కిడ్నీలు కొని అమ్మే ముఠా సంగతి పేపర్లకెక్కినప్పటినుంచీ, అక్కాతమ్ముళ్లమని వచ్చిన ప్రతివాళ్లనీ ఆసుపత్రిలో దొంగల్ని చూసినట్టే చూస్తున్నారు. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలేనని ఈ ముగ్గురి కమిటీ నమ్మితే తప్ప కత్తి ముట్టుకోరు. ఇప్పుడు వాళ్ల ముందున్న మొదటి కాగితంలో అనంతరామయ్య భార్య మాణిక్యాంబ 1987లో యాభై రెండేళ్ల వయసులో చనిపోయిందని ఉంది. రెండోదానిలో అదే అనంతరామయ్య భార్య అదే మాణిక్యాంబ 1951లో ఇరవై రెండేళ్లకి జ్వరంతో చనిపోయిందని ఉంది.

"పేషెంటు పుట్టింది 1954లో. చనిపోయిన మనిషి కొడుకుని ఎలా కంది?" అంది డాక్టరమ్మ. "పోనీ రెండోది తప్పు, మొదటిదే నిజం అనుకుందాం. అప్పుడు ఈవిడని పద్నాలుగేళ్లకే కన్నట్టు లెక్క. నెలాఖరుకి మళ్లీ కూర్చుంటాం. ఈలోపు ఆ మనిషెవరో తేల్చుకుని రండి."

బయటికొచ్చాక ఆటోలో హారిక మొహం చున్నీలో దాచేసుకుంది. "నాదే మిస్టేక్ అత్తా. ఊరినుంచి ఎన్వలప్ వచ్చింది కదా, అందులో ఏముంటే అది జిరాక్స్ తీయించి, ట్రాన్స్‌లేటర్‌కి ఇచ్చేసి ఫైల్లో పెట్టేశా. నాకు తెలుగు చదవడం రాదు కదా. వచ్చుంటే దాన్ని చింపి పారేసేదాన్ని."

"ఊరుకోవే. ఎవడో గుమాస్తా నిద్రమత్తులో రాసుంటాడు. అమ్మ ఏభై ఒకటిలో పోవడమేంటి, నా చేతుల్లో పోతేనూ!"

ఆ మాట గట్టిగానే అంది. మే నెల వడగాలి ఆటోలోకి పొయ్యిసెగలా కొడుతోంది. మెడలో ఉన్న చిన్న బంగారు బిళ్ల కూడా కాలిపోతూ చర్మానికి అంటుకుంటోంది. అమ్మ పోయేముందు కోడలికి కాకుండా తనకే ఇచ్చిన బిళ్ల అది. "ఇది నీకే చెందాలి" అని మాత్రమే అంది, ఎందుకో చెప్పలేదు.

ఢిల్లీ పక్కన ఘాజియాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. కరెంటు లేదు. సదాశివరావు కిటికీ పక్కన మంచం మీద దిండ్లకి చేరబడి ఉన్నాడు. పాదాలు వాచి నున్నగా మెరుస్తున్నాయి. డయాలిసిస్ కోసం చేతికి పెట్టిన దారి మూసుకుపోయి ఇప్పుడు మెడ దగ్గర గొట్టం పెట్టారు. అది ఎన్నాళ్లో పనిచెయ్యదనీ, గుండె కూడా అలిసిపోయిందనీ డాక్టర్లు గౌరితో చెప్పారు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. అయినా అతనికి తెలుసు.

"ఏమైందక్కా? కొర్రీ వేశారా?" అన్నాడు చూడగానే. అతను కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు.

"వేశార్రా. ఏదో తేదీ తప్పు పడిందిట."

"ముప్ఫై ఏళ్లపాటు ఊళ్లోవాళ్లందరి ఫైళ్లకీ కొర్రీలు వేశాను. ఇప్పుడు నా ఫైలుకి పడింది." నవ్వబోయి దగ్గాడు. "గౌరీ, నీళ్లు."

"పొద్దుటి వంతు అయిపోయిందండీ" అంది గౌరి వంటింట్లోంచి.

"పోనీ తడి చేసుకోనియ్యవే, గొంతు పిడచగట్టింది."

రోజుకి ఇన్నే నీళ్లు అని అతనికి కొలత ఉంది. పూజ దగ్గరుండే అమ్మ కంచు చెంబే ఆ కొలత. ఆ చెంబు నిండా పోస్తే పొద్దుట్నించి పడుకునేదాకా అవే నీళ్లు. గౌరి అడుగున మిగిలిన నీళ్లలో గుడ్డ ముంచి తెచ్చి పెదాలు అద్దింది. ఆ గుడ్డని అతను చిన్నపిల్లాడిలా పళ్లతో పట్టుకుని చప్పరించాడు. నాగమల్లేశ్వరి మొహం తిప్పేసుకుంది.

"అక్కా, నీ కిడ్నీ వచ్చాక ఆ చెంబెడు నీళ్లూ ఒక్క గుక్కలో తాగుతాను. ఒక్కళ్లు అడ్డం రాకూడదు" అన్నాడు.

మధ్యాహ్నం నాగమల్లేశ్వరి ఊరికి ఫోను చేసింది. కాగితాలు సంపాదించి పంపినవాడు వరసకి తమ్ముడు భీమేశ్వరరావు.

"ఏం పంపావురా నాయనా? బతికున్న మనిషిని చంపేసిన కాగితం ఒకటి పంపావు!"

"నేనేం సొంతంగా రాశానా అక్కా? సదన్నయ్య అమ్మ కాగితాలు ఏవుంటే అవి పంపమన్నాడు. పాత రిజిస్టరు తీసి రాసిచ్చారు. నేను కళ్లారా చూశాను. మీ ఇంటిపేరే, మీ నాన్న పేరే."

"ఇంకో అనంతరామయ్యేమో."

"మన ఊళ్లో ఇంకో అనంతరామయ్య ఎక్కడున్నాడక్కా?"

ఫోను పెట్టేశాక ఆమెకి కూర్చోబుద్ధి కాలేదు. ఏదో ఒక పని కావాలి చేతికి. పూజ దగ్గర చెంబు కిలుం పట్టి నల్లగా ఉంది. ఢిల్లీ బోరునీళ్లకి కంచు ఇట్టే నల్లబడుతుంది. చింతపండూ ఉప్పూ తీసుకుని సింకు దగ్గర నిలబడి, ఎప్పట్లాగే ఎడం చేత్తో పరపరా తోమడం మొదలుపెట్టింది. గౌరి అయితే పైపైన సబ్బుతో కడిగేస్తుంది. ఈవిడ కోపమంతా చెంబు మీద తీర్చుకుంటోంది. అంచు కింద ఏళ్లనాటి నలుపు వదిలి, చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు తేలాయి. ఆడపిల్లకి సారె పెట్టేటప్పుడు గిన్నెల మీద పేరు కొట్టించడం మామూలే. వెలుతురుకి పట్టుకుని కూడబలుక్కుంది.

చి.ల.సౌ. శేషరత్నమునకు. 1952.

"గౌరీ! ఈ శేషరత్నం ఎవరే?"

"నాకేం తెలుసు వదినా? అత్తయ్యగారు కాపరానికి వచ్చినప్పుడు తెచ్చుకున్న చెంబని కదా అనేవారు. నాకిచ్చేటప్పుడు కూడా మా పుట్టింటిదే అమ్మాయ్, జాగ్రత్త అన్నారు."

పుట్టింటి చెంబు మీద ఇంకొకరి పేరు ఉండదు. కాపరానికి వచ్చింది 1952లో అయితే, 1949లో పుట్టిన తను ఎవరి కడుపున పుట్టినట్టు?

నాగమల్లేశ్వరి చింతపండు చెయ్యి అలాగే మెడ దగ్గరికి పోయింది. బిళ్ల మీద అరిగిపోయిన ఆడమనిషి బొమ్మ ఉంది. చిన్నప్పుడు అమ్మ కొత్త చీర కొంటే, కట్టుకోబోయే ముందు దాని కొస ఈ బిళ్లకి తాకించి, కళ్లు మూసుకుని, అప్పుడు కట్టుకునేది. కూతురి కొత్త పరికిణీ కూడా తాకించేది. తమ్ముడి చొక్కా మాత్రం తాకించేది కాదు. "నాదెందుకు తాకించవూ?" అని వాడు కాళ్లు నేలకేసి కొట్టుకునేవాడు. "అమ్మవారు ఆడపిల్లలకేరా" అని నవ్వేసేది.

మొదటి భార్య పోయిన ఇంటికి రెండో భార్యగా వచ్చినావిడ, పోయినావిడ పేరున చిన్న బంగారు బిళ్ల చేయించుకుని మంగళసూత్రంతో పాటు వేసుకోవడం నాగమల్లేశ్వరి ఎరగనిది కాదు. కొత్త బట్ట ముందు ఆవిడకి చూపించి కట్టుకుంటారు, లేకపోతే ఆవిడకి కష్టం కలుగుతుందని. ఎన్ని ఇళ్లలో చూడలేదు! కానీ ఎవరైనా కన్నతల్లి మెడలో సవతిని వెతుకుతారా?

మర్నాడే చెంబు సంచిలో పెట్టుకుని హారికతో ఢిల్లీలోని మునిర్కా వెళ్లింది. అక్కడ మేనత్త కమలాకుమారి కొడుకు దగ్గర ఉంటోంది. నాన్నకి చెల్లెలు. ఎనభై దాకా ఉంటాయి. ఆ తరంలో మిగిలింది ఆవిడ ఒక్కతే. కూలరు ముందు కుర్చీ వేసుకుని, రెండు పాదాలూ నీళ్ల టబ్బులో పెట్టుకుని కూర్చుని ఉంది.

"రావే మల్లీ, ఈ ఢిల్లీలో చావడానికి ఎండ చాలు, జబ్బులు దండగ. తమ్ముడెలా ఉన్నాడు?"

నాగమల్లేశ్వరి చెంబు తీసి ఆవిడ ఒళ్లో పెట్టింది. కమలాకుమారి అంచు కింద వేలు పెట్టి తడిమింది. చదవలేదు. చదవక్కర్లేనట్టు, మెల్లిగా పాదాలు నీళ్లలోంచి తీసి నేలమీద పెట్టుకుంది.

"నీకిప్పుడెందుకే ఇదంతా?"

"అవసరం పడింది అత్తయ్యా. చెప్పండి. నన్ను కన్నదెవరు?"

"మాణిక్యాన్ని కట్టుకున్నాడు మా అన్నయ్య. దానిదీ నాదీ ఒకటే ఈడు. నువ్వు పాలు మానకముందే విషజ్వరంతో పోయింది. నీకు తిండి లేదు, నిద్ర లేదు, ఒకటే రాగం, అమ్మా అమ్మా అని. ఏడాది తిరక్కుండా గుంటూరునించి శేషరత్నాన్ని తెచ్చారు. పదిహేడేళ్ల పిల్ల. గుమ్మంలో పేర్లు చెప్పించాలి కదా, ఆడపడుచుని నేనే అడ్డం నిలబడ్డాను. ఎవరొచ్చారో చెప్పమన్నాను. సిగ్గుపడుతూ, నేను శేషరత్నం... అని మొదలెట్టింది. మా అమ్మ నిన్ను చంకనేసుకుని నా వెనకాల నిలబడి ఉంది. 'కాదమ్మాయ్, మాణిక్యం వచ్చిందని చెప్పు' అంది."

హారిక అర్థం కాక అత్త వంక చూసింది.

"ఆ పిల్ల బిత్తరపోయి నా మొహంలోకి చూసింది. నేను తప్పుకోలేదు. మా అమ్మ మాట దాటి ఎక్కడ తప్పుకుంటాను? చివరికి, మాణిక్యం వచ్చింది అంది. నువ్వు చేతులు చాపి దాని మీదకి దూకేశావు. అంతే, ఆ పేరు దాన్ని వదల్లేదు. నీకు తెలియకూడదని ఊరందరి చేతా ఒట్టు వేయించింది మా అమ్మ. పోను పోను పుట్టింటివాళ్లు కూడా మాణిక్యమనే పిలిచారు. కాటిలో కూడా ఆ పేరే."

"ఆవిడ..." నాగమల్లేశ్వరి చెంబు తిరిగి చేతిలోకి తీసుకుంది. "ఆ మొదటావిడ ఎలా ఉండేది?"

"నీలాగే. ఎడం చేత్తో ముగ్గేసేది. మా అమ్మ చేత ఎన్ని తిట్లు తిన్నా ఆ చెయ్యి మారలేదు."

తిరుగుదారిలో హారిక ఆసుపత్రి దగ్గర ఆటో ఆపించి, కమిటీ గుమాస్తాని కిటికీలోంచి అడిగి వచ్చింది. తల్లులు వేరైతే ఏం చేస్తారని. తెల్లబోయిన మొహంతో తిరిగొచ్చింది.

"వాళ్లకే క్లియర్‌గా తెలీదట అత్తా. లా లో సిస్టర్ అనే ఉందట, హాఫ్ సిస్టర్ సంగతి లేదట. పై కమిటీకి పంపాలి, లీగల్ ఒపీనియన్ కావాలి, మంత్స్ పడుతుంది అంటున్నాడు." ఆటో కమ్మీ పట్టుకుని ఏడ్చేసింది. "పాపా కే పాస్ మహీనే నహీ హై..."

హిందీ రాకపోయినా, నాన్న దగ్గర నెలలు లేవన్న ఆ మాట మాత్రం నాగమల్లేశ్వరికి అర్థమైంది.

ఇల్లు చేరేసరికి తలుపు బార్లా తీసి ఉంది. సదాశివరావు ఊపిరి ఆడక నీళ్లలో మునుగుతున్నవాడిలా నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాడు. పక్క ఫ్లాటువాళ్లు కుర్చీతో సహా మోసి మెట్లు దింపారు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందన్నారు. ఆ గండం ఎలాగో గడిచింది. ఇంకోటి వస్తే చెప్పలేమన్నారు. ఆసుపత్రి వరండాలో గౌరి నాగమల్లేశ్వరి కాళ్ల మీద పడిపోయింది. "ఏదో ఒకటి చెయ్యండి వదినా. ఏదో ఒకటి."

నాగమల్లేశ్వరి మళ్లీ మునిర్కా వెళ్లింది. ఈసారి కూర్చోలేదు.

"అత్తయ్యా, మీరు పెద్దవారు. కమిటీ ముందుకొచ్చి ఒక మాట చెప్పాలి. మా ఇద్దరికీ అమ్మ ఒక్కతేనని. ఏభై ఒకటిలో పోయిన మాణిక్యాంబ వేరే మనిషనీ, మా ఇంటికి ఏమీ కాదనీ."

కమలాకుమారి ఉలిక్కిపడింది. "ఏమీ కాదా? నేనూ అదీ ఒక కంచంలో తిన్నామే. దాని ఒంటికి నేను పసుపు రాశాను, పెళ్లికీ చావుకీ కూడా. దాన్ని ఎవరో అని చెప్పమంటావా నన్ను?"

"చెప్పండి. కన్న కడుపుని నేనే కాదంటున్నాను. మీకేం పోయింది?"

"పాపం చుట్టుకుంటుందే."

"చుట్టుకోనీండి. ఆవిడ రెండేళ్లే పెంచింది నన్ను. రెండో ఆవిడ పేరు కూడా వదులుకుని పెంచింది. ఆవిడ కొడుకు నీళ్లు నీళ్లని చస్తున్నాడు అత్తయ్యా. నా దగ్గర ఉన్నది ఇస్తానంటే, ఎవరి కడుపునించి తెచ్చావని అడుగుతున్నారు!"

ముసలావిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నాకు చెప్పులు ఎక్కడ పెట్టారో చూడు" అంది చివరికి.

కమిటీ ముందు కమలాకుమారి తడుముకోకుండా చెప్పింది. ఆ రోజుల్లో ఎవరి వయసు ఎవరికి తెలుసనీ, పంచాయతీవాళ్లు యాభై రెండని నోటికొచ్చింది రాసేశారనీ అంది. పెదనాన్న కొడుకు కూడా అనంతరామయ్యేననీ, ఆ పోయినావిడ అతని భార్య అనీ, ఆ కొంప అప్పుడే అంతరించిందనీ అంది. లేని మనిషిని ఒకణ్ణి పుట్టించి, ఉన్న మనిషిని అతనికి కట్టబెట్టేసింది. హారిక ఒక్కొక్క మాటే హిందీలో చెబుతుంటే డాక్టరమ్మ రాసుకుంటోంది.

డాక్టరమ్మ నాగమల్లేశ్వరి వైపు తిరిగింది. "మీకు ఆ మనిషి తెలుసా?"

"తెలీదు. నేనెప్పుడూ చూసినట్టు జ్ఞాపకం లేదు."

అంతవరకూ చెప్పిన వాటిలో అబద్ధం కానిది ఆ ఒక్క మాటే. ఆమెకి గుండెలో గుచ్చుకున్నదీ అదే.

స్టాంపు కాగితం ముందు పెట్టారు. 1951లో చనిపోయిన మాణిక్యాంబకీ తనకీ ఏ సంబంధమూ లేదని ప్రమాణం. నాగమల్లేశ్వరి కలం ఎడం చేతిలోకి తీసుకుంది. ఒక్క క్షణం ఆగి కుడి చేతికి మార్చింది. కుడి చెయ్యి అక్షరాలు పలకలేదు, గీత వంకరపోయింది. వెనకాల ఎవరో తొందరపెట్టారు. మళ్లీ ఎడం చేతిలోకే తీసుకుని సంతకం చేసింది.

అనుమతి వచ్చిందని తెలిసిన సాయంత్రం సదాశివరావు ఆసుపత్రి మంచం మీద పడుకుని అక్క చెయ్యి పట్టుకున్నాడు. మాట నీరసంగా వస్తోంది.

"ఇంతకీ ఆ కాగితం ఎవరిదో తేలిందా అక్కా? దొంగ కాగితాలతో మాత్రం వద్దు. అలాంటి పని నేను జన్మలో చెయ్యలేదు. చేసి బతకడం కూడా నాకొద్దు."

నాగమల్లేశ్వరి అతని నుదుటి మీది చెమట తుడిచింది. చెబితే వీడు లేచి కూర్చుని ఆపరేషన్ వద్దని రాసిచ్చేసే రకం. చెప్పకపోతే, బతికినన్నాళ్లూ కన్నతల్లి పేరు తెలియకుండా బతుకుతాడు. ఇంట్లో ఆ చెంబు మీద చుక్కలు మళ్లీ నల్లబడిపోతాయి.

"ఎవరో మాణిక్యాంబట రా. మనకేం కాదు. పడుకో."

"అమ్మ పేరే ఉందే పాపం ఆవిడకి కూడా" అన్నాడు కళ్లు మూసుకుంటూ.

మర్నాడు పొద్దున్నే నర్సు వచ్చింది. మలయాళీ పిల్ల. ఆకుపచ్చ గౌను మడత మంచం మీద పెట్టి, ఒంటి మీద ఏమీ ఉండకూడదని సైగ చేసింది. నాగమల్లేశ్వరి గాజులు తీసింది. చీర విప్పి దుప్పటి కప్పుకుంది. మెడలో బిళ్ల దారం మాత్రం మిగిలింది. నర్సు అరచెయ్యి చాపింది.

"ఒక్క నిమిషం తల్లీ."

గౌను మడత విప్పింది. ఎవరెవరో వేసుకుని ఉడకబెట్టిన బట్ట. కానీ తన ఒంటికి ఇది కొత్తది. మంచం అంచున కూర్చుని, గౌను కొస ఎడం చేత్తో ఎత్తి, మెడలోని బిళ్లకి తాకించింది. అమ్మ కళ్లు మూసుకున్నప్పుడు లోపల ఏమనుకునేదో ఆమెకి ఏనాడూ తెలియలేదు. ఏమనాలో తెలియక, ఊరికే తాకించి ఉంచింది. బిళ్ల మీద అరిగిన మొహానికి కళ్లూ లేవు, నోరూ లేదు. ఒప్పుకుందో లేదో తెలిసే దారి లేదు.

"గాడ్?" అని అడిగింది నర్సు, బిళ్ల వంక చూసి.

"అమ్మ" అంది నాగమల్లేశ్వరి.

ఆ మాట ఆ పిల్లకి ఎవరూ హిందీలోకి మార్చి చెప్పక్కర్లేదు. తలూపి, దారం ముడి తనే నెమ్మదిగా విప్పింది. అవతల గదిలోంచి చక్రాల మంచం కదిలిన చప్పుడూ, నీళ్లు కావాలని ఎవర్నో అడుగుతున్న తమ్ముడి గొంతూ వినిపించాయి. నాగమల్లేశ్వరి గబగబా గౌను తొడుక్కుంది.